ఇంటి మీడ్ కోసం ఏడు రకాల తేనె: ఒకే కొలతతో చేసి చూసిన సమీక్ష

చెంచాతో నాకి చూసిన రోజున నాకు అన్నిటికన్నా నచ్చిన తేనె, ఏడాది గడిచాక గ్లాసులో పోసుకుని తాగేసరికి ఏడింటిలో ఐదో స్థానానికి దిగిపోయింది. వాసన చూసి ముఖం చిట్లించి, ‘దీన్ని అనవసరంగా కొన్నాను’ అనుకుంటూ అలమరలో వెనక్కి నెట్టిన తేనె మూడో స్థానానికి ఎక్కింది. మీడ్, అంటే తేనెను నీళ్లలో కలిపి ఈస్ట్‌తో పులియబెట్టి చేసే మద్యం, ఇంట్లో తయారుచేసుకునేవారు ఏ తేనె కొనాలని అడిగితే సాధారణంగా వచ్చే సమాధానం ‘తినడానికి మీకు ఏది ఇష్టమో అదే వాడండి’ అన్నది. ఏడు జాడీలు నింపి, ఏడాది పాటు ఓపిక పట్టిన తరువాత ఆ సలహాలో సగమే నిజమని నాకు తేలింది. మిగతా సగం చెప్పడానికే ఈ సమీక్ష.

తెలుగులో మధువు అంటే తేనె, మధువు అంటే మద్యం కూడా. సంస్కృతంలోని ‘మధు’, ఇంగ్లీషులోని ‘మీడ్’ ఒకే ప్రాచీన మూలం నుంచి పుట్టాయని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. మాట ఒకటే అయినా వస్తువులు రెండు. ఆ రెండింటి నడుమ జరిగేది చక్కెర మాయం కావడం. తేనె బరువులో సుమారు 80 శాతం చక్కెరలే. అందులో ఫ్రక్టోజ్ దాదాపు 38 శాతం, గ్లూకోజ్ దాదాపు 31 శాతం, మిగిలినవి మాల్టోజ్, సుక్రోజ్ లాంటివి. నీరు 17, 18 శాతం ఉంటుంది. ఈస్ట్ తన పని పూర్తిగా చేస్తే ఆ చక్కెర దాదాపు అంతా ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. అప్పుడు గ్లాసులో తేనె తాలూకు మిగిలేది ఆ చివరి రెండు మూడు శాతమే: గ్లూకోనిక్ ఆమ్లం మొదలైన ఆమ్లాలు, ఖనిజ లవణాలు, కొద్దిపాటి ప్రొటీన్లు, వగరునిచ్చే ఫినోలిక్ పదార్థాలు, పువ్వు నుంచి వచ్చిన సుగంధాలు. చెంచాతో తిన్నప్పుడు తీపి నాలుకను కమ్మేస్తుంది కాబట్టి ఆ కొంచెం ఎలాంటిదో మనకు తెలియదు. మీడ్ కోసం మనం డబ్బు పెట్టేది మాత్రం ఆ కొంచెం కోసమే.

పోలిక న్యాయంగా ఉండాలంటే తేనె తప్ప మిగతావన్నీ ఒక్కటిగా ఉండాలి కనుక, ఏడు జాడీలకూ ఒకే పద్ధతి పాటించాను. ఒక్కో జాడీకి 1.5 కిలోల తేనె తూచి, గోరువెచ్చని నీళ్లలో కరిగించి, మొత్తం 5 లీటర్లు అయ్యేదాకా నీళ్లు పోశాను. తేనెను కొలపాత్రతో కాక త్రాసుతోనే కొలవాలి. లీటరు తేనె సుమారు 1.4 కిలోలు తూగుతుంది కాబట్టి లీటరునూ కిలోనూ ఒకటిగా లెక్కవేసినవారు తమకు తెలియకుండానే బాగా ఎక్కువ ఘాటైన మీడ్ చేసుకుంటారు. ఈ పాళ్లలో హైడ్రోమీటర్ (నీటిని 1.000గా తీసుకుని ద్రవం సాంద్రతను చూపే పరికరం; చక్కెర ఎక్కువైతే అంకె పెరుగుతుంది) 1.088 దగ్గర నిలిచింది, తేనెలోని తేమను బట్టి చివరి అంకె ఒకటి రెండు అటూ ఇటూ అయింది. ఈస్ట్ అన్నిటికీ లాల్విన్ 71బి, జాడీకి 5 గ్రాములు. తేనెలో ఈస్ట్‌కు కావలసిన నత్రజని చాలా తక్కువ కాబట్టి పోషకాన్ని ఒకేసారి గుమ్మరించకుండా నాలుగు భాగాలు చేసి, 24, 48, 72 గంటలకు మూడు భాగాలు, చక్కెరలో మూడో వంతు ఖర్చయినప్పుడు నాలుగోది వేశాను. గది ఉష్ణోగ్రత 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాను. పండ్లు, మసాలాలు ఏవీ కలపలేదు. అన్నీ 0.998 లేదా అంతకన్నా కొంచెం కింద ఆగాయి, అంటే ఆల్కహాల్ దాదాపు 12 శాతం. మడ్డి దిగాక తేటను వేరే జాడీలోకి మార్చి, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి రుచి చూశాను. చివరిసారి గ్లాసుల అడుగున అంకెలు అంటించి మా బావమరిది చేత వరుస మార్పించి తాగాను కనుక, తీర్పులో నా ఇష్టాయిష్టాల పాత్ర కొంతైనా తగ్గిందనుకుంటాను.

మొదటి స్థానం నారింజ పూల తేనెది. ఇది ఊహించినదే కావచ్చు గాని, కారణం చెప్పుకోవాలి. ఈ తేనెకు గుర్తుగా శాస్త్రజ్ఞులు చూసే మిథైల్ ఆంత్రనిలేట్ అనే పదార్థం ఉంటుంది; కొన్ని రకాల ద్రాక్షలలో వచ్చే గుప్పుమనే సువాసన కూడా దానిదే. ఆ సువాసన చక్కెర మీద ఆధారపడింది కాదు గనుక చక్కెర పోయినా అది నిలిచింది. మూడు నెలలప్పుడు మాత్రం కాస్త పచ్చిగా, సబ్బు వాసనకు దగ్గరగా అనిపించి భయపెట్టింది. ఆరో నెలకు ఆ పచ్చితనం అణిగి, గ్లాసు ముక్కు దగ్గరకు తెచ్చేలోపే పూల వాసన అందింది. తాగితే చివర సన్నని పులుపు, తీపి లేకున్నా తీపి ఉన్నట్టు భ్రమ. ఏమీ కలపకుండా, తీపి చేర్చకుండా, పొడిగా (అంటే చక్కెర మిగలని స్థితిలో) తాగగలిగిన మీడ్ ఈ ఏడింటిలో ఇదొక్కటే అని కచ్చితంగా చెప్పగలను. లోపం లేదా అంటే ఉంది. ‘నారింజ పూల తేనె’ అని సీసా మీద రాసి ఉన్న ప్రతిదానిలోనూ ఆ పువ్వు వాటా ఒకేలా ఉండదు, పైగా నారింజ వాసనను విడిగా కలిపిన తేనెలు కూడా అమ్ముతారు. దినుసుల పట్టికలో తేనె తప్ప మరో మాట కనిపిస్తే అది మీడ్‌కు పనికిరాదు.

రెండోది, నాకు తెలిసిన ఒక తేనెటీగల పెంపకందారు దగ్గర తెచ్చిన పచ్చి తేనె, అంటే వేడి చేయని, సన్నటి జల్లెడ మాత్రమే పట్టిన బహుపుష్ప తేనె. పైన పుప్పొడి, మైనపు పొరకలు తేలుతూ చూడటానికి అంత ముచ్చటగా లేదు. కాని జాడీలో దాని ప్రవర్తన వేరు. మూడు నెలలకే ఒక పొందిక వచ్చింది, నోట్లో నిండుదనం ఉంది, ఏ ఒక్క పువ్వు వాసనా పైకి తేలకుండా పొలం గట్టు మీద నడుస్తున్నట్టు రకరకాల వాసనలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. దీన్ని మొదటి స్థానంలో పెట్టకపోవడానికి కారణం ఒక్కటే: మళ్లీ చేయలేను. అదే మనిషి దగ్గర, అవే పెట్టెల నుంచి, మూడు నెలల తరువాత తెచ్చిన తేనె రంగులోనే మూడు ఛాయలు ముదురుగా ఉంది, దానితో చేసిన మీడ్‌లో వగరు ఎక్కువ. తేనెటీగలు ఏ పువ్వు మీద వాలాయో దానిని బట్టి రుచి మారుతుంది, అది వాటి తప్పు కాదు. ఇలాంటి తేనె నచ్చితే కావలసినంత ఒకేసారి కొని, తేదీ రాసి పెట్టుకోవాలి.

ఈ తేనెతోనే ఒక పక్క పరీక్ష చేశాను. రెండు చిన్న జాడీలు తీసుకుని, ఒకదానిలో తేనె నీళ్లను ఇరవై నిమిషాలు మరిగించి, నురగ తీసి, చల్లార్చి పోశాను; రెండోదానిలో మరిగించకుండా కలిపాను. మరిగించినది త్వరగా తేరింది, ఎందుకంటే వేడికి ప్రొటీన్లు విరిగి నురగలో పైకి వచ్చేశాయి. మూడు వారాలలో అద్దంలా ఉంది. మరిగించనిది మూడు నెలలు మసకగానే ఉండిపోయింది. రుచి దగ్గరకు వస్తే లెక్క తిరగబడింది: మరిగించిన మీడ్‌లో వాసన సగం వంటగదిలోనే ఎగిరిపోయింది, మిగిలినది ఉడికిన తేనె వాసన. పాత పద్ధతులలో మరిగించమని చెప్పడం క్రిముల భయం వల్ల. తేనె పీహెచ్ (ఆమ్లత్వపు కొలత; అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సగటున 3.9 దగ్గర ఉంటుంది, తేమ కూడా తక్కువ కనుక అందులో సూక్ష్మజీవులు పెరగలేవు. శుభ్రమైన జాడీ, చురుకైన ఈస్ట్ ఉంటే మరిగించవలసిన పని లేదు. తేటదనం కోసం తొందరపడేవారు వేరే మార్గాలు వెతుక్కోవచ్చు గాని, మంచి తేనె కొని పొయ్యి మీద పెట్టడం మాత్రం కొన్న దానిని ఆవిరి చేయడమే.

మూడో స్థానంలో ఉన్నది నేను అలమరలో వెనక్కి నెట్టిన బక్‌వీట్ (గింజలను ధాన్యంలా వాడే ఒక మొక్క) పూల తేనె. దాదాపు నల్లగా, చిక్కగా, మాడిన చక్కెర పాకంలా ఉంటుంది. మూత తీయగానే పశువుల కొట్టం గుర్తుకు వచ్చే వాసన ఒకటి, దాని వెంటనే మొలకెత్తించి వేయించిన ధాన్యం వాసన ఒకటి వస్తాయి. రెండోదానికి కారణం మాల్ట్ వాసన ఇచ్చే 3-మిథైల్ బ్యూటనల్ అనే పదార్థం. పులియడంలో మాత్రం దీనిని మించినది లేదు. బబుల్స్ ఆగడానికి ఆకేసియా తేనెకు ఇరవై నాలుగు రోజులు పట్టగా దీనికి తొమ్మిది రోజులు చాలాయి. ముదురు తేనెలలో ఖనిజాలు ఎక్కువ ఉంటాయి; అవి ఆమ్లత్వం ఒక్కసారిగా పెరిగిపోకుండా అడ్డుకుంటాయి, ఈస్ట్‌కు పోషణ కూడా కొంత ఇస్తాయి. లేత తేనెల నీళ్లకు ఆ రక్షణ లేదు కనుక పులుస్తున్నప్పుడు పీహెచ్ 3 దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోయి ఈస్ట్ నీరసిస్తుంది.

అయినా మూడు నెలలప్పుడు ఈ మీడ్‌ను నేను రెండు గుటకలకు మించి మింగలేకపోయాను. కొట్టం వాసన తీపి చాటున దాగి ఉండేది కాస్తా, తీపి పోగానే నేరుగా ముందుకు వచ్చి నిలబడింది. పారబోయడానికి మనసొప్పక వదిలేశాను. తొమ్మిదో నెలలో ఎందుకో మూత తీస్తే వేరే పానీయం ఉన్నట్టు తోచింది: ధాన్యపు కమ్మదనం, కొద్దిగా కాఫీ చేదు, వెనుక వగరు. కొట్టం వాసన పూర్తిగా పోలేదు, ఒక మూలకు ఒదిగింది. నూరు పాళ్లూ ఈ తేనెతోనే చేయమని ఎవరికీ చెప్పను. అయిదింట ఒక వంతు దీనిని, నాలుగు వంతులు మెత్తని లేత తేనెను కలిపి తరువాత చేసిన జాడీ మాత్రం అసలు ఏడింటిలో చాలావాటిని మించింది. లేత తేనెకు లేని నిండుదనాన్ని ఇది ఇస్తుంది, దీనికి లేని మర్యాదను అది ఇస్తుంది.

నాలుగోది క్లోవర్ (పశువుల మేతగా పెంచే ఒక చిన్న మొక్క) పూల తేనె. దీని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దాని సుగుణం. ఎండుగడ్డిని గుర్తుచేసే తేలికపాటి వాసన, చేదు లేదు, వగరు లేదు, వెంటబడే ఘాటు లేదు. ఒంటరిగా తాగితే చప్పగా ఉంటుంది. పండ్లతోనో, లవంగాలు, అల్లం లాంటి వాటితోనో చేసే మీడ్‌కు అడుగు తేనెగా దీనిని మించినది నాకు దొరకలేదు. మొదటిసారి మీడ్ చేస్తున్నవారు దీనితో మొదలుపెడితే తప్పు ఎక్కడ జరిగినా స్పష్టంగా తెలుస్తుంది, ఎందుకంటే తప్పును దాచేంత రుచి ఈ తేనెకు లేదు.

ఇక ఐదో స్థానానికి దిగిపోయిన ఆకేసియా తేనె. ఆకేసియా అన్న పేరుతో అమ్మేది సాధారణంగా రొబీనియా చెట్టు పూల తేనె. నీళ్లంత తేటగా, లేత గడ్డి రంగులో, నెలల తరబడి పేరుకోకుండా ఉంటుంది. పేరుకోకపోవడానికి కారణం అందులో గ్లూకోజ్ తక్కువ, ఫ్రక్టోజ్ ఎక్కువ కావడం. గ్లూకోజ్ కన్నా ఫ్రక్టోజ్ నాలుకకు తియ్యగా తగులుతుంది కాబట్టి చెంచాతో తిన్నప్పుడు అది నన్ను గెలుచుకుంది. జాడీలో అదే లక్షణం ఎదురు తిరిగింది. ఈస్ట్ ముందు గ్లూకోజ్‌ను తిని, తరువాతే ఫ్రక్టోజ్ వైపు వెళుతుంది. అప్పటికి ఆల్కహాల్ పెరిగి, ఈస్ట్ అలసి ఉంటుంది. అందుకే చివరి దశ ఈడ్చుకుంటూ సాగింది. పూర్తయ్యాక చూస్తే ఒప్పుకోవలసిన నాజూకుతనం ఉంది, వెనీలాను పోలిన ఒక నీడ ఉంది, కాని ఆ నీడను పట్టుకునే ప్రయత్నంలో గ్లాసు ఖాళీ అయిపోతుంది. పొడిగా తాగడానికి ఇది సరిపోదు. అయితే దీనికి వేరే ఉపయోగం ఉంది, అది కొంచెం సేపట్లో చెబుతాను.

ఆరోది యూకలిప్టస్ తేనె. యూకలిప్టస్ అన్న ఒక్క మాట కింద వందల జాతుల చెట్లు ఉన్నాయి గనుక ఈ పేరున్న తేనెలన్నిటికీ ఒకే తీర్పు చెప్పడం అన్యాయం. నేను కొన్నదానిలో మాత్రం పులిసిన తరువాత మందుల షాపు వాసన మిగిలింది. ఏడాదికి తగ్గింది, పోలేదు. దగ్గు మందు తాగుతున్నట్టుందని బావమరిది అన్నాడు. గ్లాసు అడుగున అంకె చూడకుండానే అన్నాడు కాబట్టి అది న్యాయమైన మాటే.

ఏడో జాడీలో పోసినది అంగళ్లలో సులభంగా దొరికే, పెద్ద సంస్థ ఒకటి సీసాలలో నింపి అమ్మే తేనె. సంస్థ పేరు చెప్పను, ఒక్క సీసాతో ఒక సంస్థకు తీర్పు చెప్పడం తగదు. బంగారు రంగు, అద్దంలాంటి తేట, ఎన్నాళ్లు ఉన్నా పలుకు కట్టదు. పులియడంలో ఏ ఇబ్బందీ రాలేదు, 0.996 దాకా దిగింది. తాగితే మాత్రం ఆల్కహాల్ కలిపిన నీళ్లు. వాసన లేదు, పులుపు లేదు, వగరు లేదు. చెడ్డ రుచి కూడా లేదు, తిట్టడానికైనా పట్టు దొరకలేదు. ఇందులో కల్తీ ఉందని నేను అనడం లేదు. పలు చోట్ల తేనెలను కలిపి, వేడి చేసి, పుప్పొడి కూడా మిగలకుండా వడకడితే శుద్ధమైన తేనె సైతం ఇలాగే తయారవుతుంది. దాని తీపి మనకు ముందు తెలియనివ్వని లేమిని ఈస్ట్ బయటపెట్టింది, అంతే.

కల్తీ ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. గ్లాసు నీళ్లలో చుక్క వేసి చూడటం, బొటనవేలి గోరు మీద పోసి చూడటం, దూది వత్తిని ముంచి వెలిగించడం లాంటి ఇంటి పరీక్షలు తేనె చిక్కదనాన్నో తేమనో తెలుపుతాయి గాని శుద్ధతను తెలపవు. చిక్కటి చక్కెర పాకం కూడా ఆ పరీక్షలన్నిటిలో నెగ్గుతుంది. చెరకు, మొక్కజొన్నల నుంచి తీసిన పాకాన్ని కర్బన ఐసోటోపుల పరీక్ష పట్టుకుంటుంది. బియ్యం, బీట్‌రూట్ జాతి మొక్కల నుంచి తీసిన పాకం ఆ పరీక్షకు చిక్కదు కాబట్టి దానికి వేరే ప్రయోగశాల పద్ధతులు వాడతారు. ఇంట్లో కూర్చుని ఇవి చేయలేము. మనకు చేతనైన పరీక్ష వేరే ఉంది, అది కల్తీని కాక పనికివచ్చే గుణాన్ని చూస్తుంది: 30 గ్రాముల తేనెను గోరువెచ్చని నీళ్లలో కరిగించి 100 మిల్లీలీటర్లు చేసి, గ్లాసు మీద సాసర్ మూసి పది నిమిషాలు వదిలేయాలి. మూత తీసి ముందు వాసన చూడాలి, తరువాత రుచి చూసి, తీపిని పట్టించుకోకుండా దాని వెనుక ఏముందో గమనించాలి. మీడ్‌లో తేనె దాదాపు ఇదే పలచనలో ఉంటుంది కాబట్టి ఈ గ్లాసులో వాసన లేకపోతే జాడీలో అసలే ఉండదు. నా ఏడింటినీ కొన్న రోజునే ఇలా చూసి ఉంటే ఏడో జాడీ నింపేవాడిని కాదు. చూడకపోవడం నా తొందరపాటు.

చీటీ మీద చూడవలసినవి కొన్నే. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ తేనెలో తేమ 20 శాతం మించకూడదంటుంది, హెదర్ అనే పొద పూల తేనెకు మాత్రం 23 శాతం దాకా ఒప్పుకుంటుంది. తేమ ఎక్కువైతే తేనె సీసాలోనే పులిసిపోవచ్చు. పైగా 17 శాతం తేమ ఉన్న తేనెకు బదులు 20 శాతం ఉన్నది వాడితే 1.088 రావలసిన చోట 1.085 దగ్గరే ఆగుతుంది. నష్టం కొద్దిదే గాని, లెక్క ఎందుకు తప్పిందో తెలియక జుట్టు పీక్కోవడం తప్పుతుంది. పరీక్ష నివేదిక ఇచ్చే అమ్మకందారు దొరికితే హెచ్‌ఎంఎఫ్ (తేనెలోని చక్కెరలు విరిగి ఏర్పడే ఒక పదార్థం) అంకె చూడండి. తేనెను వేడి చేసినా, ఎక్కువ కాలం వెచ్చని చోట నిల్వ ఉంచినా ఇది పెరుగుతుంది. కోడెక్స్ దీనికి కిలోకు 40 మిల్లీగ్రాములు, ఉష్ణమండలపు తేనెలకు 80 మిల్లీగ్రాములు హద్దు పెట్టింది. హద్దు లోపల ఉన్నా, తక్కువ ఉన్నది మేలు.

పేరుకున్న తేనెను చూసి వెనక్కి తగ్గనవసరం లేదు. పలుకు కట్టడం గ్లూకోజ్ స్వభావం, చెడిపోయిన గుర్తు కాదు. కాని పెద్ద డబ్బాలో కొన్నవారు ఒకటి గుర్తుంచుకోవాలి: గ్లూకోజ్ గింజ కట్టి అడుగుకు దిగితే పైన మిగిలిన ద్రవంలో నీటి శాతం పెరుగుతుంది, పులియడం మొదలయ్యేది అక్కడే. పైనుంచి రెండు కిలోలు, అడుగు నుంచి రెండు కిలోలు తీసి రెండు జాడీలు చేస్తే అవి రెండు వేర్వేరు తేనెలతో చేసినట్టే. డబ్బాను 40 డిగ్రీల వేడి నీళ్లలో నిలబెట్టి, మొత్తం కరిగాక అడుగు దాకా కలిపి, అప్పుడే తూచుకోవాలి.

ఇంకో జాగ్రత్త రుచికి సంబంధించింది కాదు. రోడోడెండ్రాన్ జాతి పూల తేనెలో గ్రయానోటాక్సిన్లు అనే విషపదార్థాలు ఉండవచ్చు. అలాంటి తేనె తిని సైనికులు పడిపోయిన వైనాన్ని క్రీస్తుపూర్వం 401 నాటి ఒక దండయాత్ర గురించి రాస్తూ గ్రీకు రచయిత జెనొఫన్ వర్ణించాడు. ‘పిచ్చి తేనె’ అన్న ఆకర్షణతో దానిని మీడ్‌కు వాడాలని చూడకండి, పులియబెడితే విషం పోతుందనుకోకండి.

తీపి విషయానికి వస్తాను, ఆకేసియా దగ్గర దాచిన మాట ఇక్కడిదే. పూర్తిగా పొడిగా ముగిసిన మీడ్‌కు చివర కొద్దిగా తేనె చేర్చడం చాలామంది చేసే పని. ఈస్ట్ మళ్లీ లేచి ఆ తేనెను కూడా పులియబెట్టకుండా, సీసాలు పగలకుండా, తేరిన మీడ్‌కు ముందు పొటాషియం మెటాబైసల్ఫైట్, పొటాషియం సార్బేట్ తగిన మోతాదులో కలిపి స్థిరపరచాలి. తరువాత లీటరుకు 30 గ్రాముల తేనె కలిపితే 0.998 ఉన్నది 1.006 దగ్గరకు వస్తుంది, అంటే తీపి తెలిసీ తెలియనట్టు. ఈ 30 గ్రాములు పులియవు కనుక తేనె వాసన యావత్తూ ఉన్నదున్నట్టు గ్లాసులోకి దిగుతుంది. ఐదు లీటర్లకు కావలసింది 150 గ్రాములే. నాలుగో స్థానంలోని క్లోవర్ మీడ్‌కు 150 గ్రాముల నారింజ పూల తేనె చేర్చి చూశాను. మొదటి స్థానంలోని మీడ్‌కు అది సరిజోడు కాదు గాని, ఖర్చులో చాలా భాగం మిగిల్చి రుచిలో మాత్రం పక్కనే నిలబడింది. ఆకేసియా మీడ్‌కు ఆకేసియా తేనెనే అలా చేర్చితే, పులియడంలో పోగొట్టుకున్న నాజూకు వాసన తిరిగి వచ్చి, ఐదో స్థానం నుంచి మూడు, రెండు స్థానాల మధ్య తచ్చాడింది. చెంచా మీద గెలిచే తేనె చివర చేర్చడానికి, పలచన చేసిన గ్లాసులో గెలిచే తేనె పులియబెట్టడానికి అన్న విభజన నాకు ఇలా కుదిరింది. ‘ఇష్టమైన తేనెనే వాడండి’ అన్న సలహాలో నిజమైన సగం ఈ చివరి 150 గ్రాములకు వర్తిస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చేర్చాలి. కుళ్లిన గుడ్ల వాసన వచ్చిందని, పులియడం మధ్యలో ఆగిందని, గొంతులో మంట పుడుతోందని చాలామంది తేనెను నిందిస్తారు. మొదటిది ఎక్కువగా నత్రజని చాలక, రెండోది పోషణ లేక పీహెచ్ పడిపోయి, మూడోది గది మరీ వెచ్చగా ఉండి జరుగుతాయి. ఈస్ట్‌ను మార్చినా తేనె తీర్పు మారుతుంది: ఇసి-1118తో ఇదే క్లోవర్ తేనె ఇంకా చప్పబడింది, ఆ ఈస్ట్ ఉరకలెత్తే వేగానికి వాసన గాలితో పాటు ఎయిర్‌లాక్ (జాడీలోని గాలిని బయటికి మాత్రమే వదిలే మూత) దారిన పోయిందని నా అనుమానం. ఇంటిలో మద్యం చేసుకోవడంపై చట్టాలు ప్రాంతానికో రకంగా ఉంటాయి కనుక తేనె కొనేముందే అది చూసుకోవాలి.

ఈసారి కొనుగోళ్లు నిర్ణయమయ్యాయి: ఒక జాడీకి నారింజ పూల తేనె, రెండు జాడీలకు క్లోవర్, వాటిలో ఒకదానిలో అయిదో వంతు బక్‌వీట్, చివర చేర్చడానికి అర కిలో ఆకేసియా. పెంపకందారు దగ్గర వచ్చే కోత తేనె గ్లాసు పరీక్షలో నెగ్గితే నాలుగో జాడీ. యూకలిప్టస్ మీడ్‌ను అల్లం, మిరియాలతో దారికి తెచ్చుకోవాలని చూస్తున్నాను. ఏడో జాడీలో మిగిలిన మూడు లీటర్లకు అంతే నీళ్లు కలిపి, ఆల్కహాల్ ఆరు శాతానికి దించి, వెనిగర్ కోసం గుడ్డ కట్టి వేరే గదిలో పెట్టాను. ఆ గది తలుపు, మీడ్ జాడీల గది తలుపు రెండూ ఒకేసారి తెరవవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను.